కాఫీలో పడ్డ మాటలు

ఏం మాట్లాడాలో చెవిలో పెట్టుకున్న యంత్రపు బుడిపే అందిస్తున్న కాలంలో ఎవరికీ నోరు తడబడదు. అందుకే, బుడిపె తీసేసి, రాసిచ్చిన ముక్కైనా లేకుండా నీళ్ళు నమిలేవాళ్ళ టీవీ కార్యక్రమానికి జనం అతుక్కుపోయారు. అలివేలైతే పెళ్ళిచూపులకొచ్చిన చిలకపలుకుల పెళ్ళికొడుకులందరినీ తిప్పి పంపేసింది.

ఈసారి వచ్చిన నరహరి కాఫీ అందుకుంటుండగా బుడిపె జారి కప్పులో పడింది. అతనికి ముచ్చెమటలు పోశాయి.

"మీ ఫ్యాను... భలే తిరుగుతోందండీ" అన్నాడు.

ఫ్యాను ఆగి ఉంది.

"అంటే... తిరిగితే."

అతని తల్లి తన బుడిపె ఊడదీసి కొడుకు చెవిలో కుక్కబోయింది. అందాకా ఆమెను ఆంటీ అంటున్న అలివేలు నవ్వాపుకోలేక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఉండండి అత్తయ్యగారూ! ఇప్పుడే కదా ఆయన నోరు విప్పారు!"

అలివేలు తండ్రి లేచి ఫ్యాను వేశాడు.