వీపు మీద ముద్ర

"నిజమైన జార్ ఒంటి మీద రాజముద్ర ఉంటుందట. చూసొచ్చి చెప్పు, అప్పుడే దొర మీదికి కదులుతాం," అంటూ ఊరివాళ్లు ముసలి యెరొఫేయ్‌ని ఆవిరిస్నానాల గుడిసెలోకి తోశారు.

లోపల, జార్‌నని చెప్పుకుంటూ ఊరిని తిరుగుబాటుకు పిలుస్తున్నవాడు చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. యెరొఫేయ్ కూడా చొక్కా విప్పాడు. ఆనవాయితీ ప్రకారం వీపు మీద కొట్టడానికి యెరొఫేయ్ ఎత్తిన ఆకుల మండ గాల్లోనే ఆగిపోయింది. వీపంతా కొరడా వాతలు. ముద్ర ఎక్కడా లేదు.

"జార్‌ని కూడా కొడతారా?"

"నీ వీపు మీదున్నవి ముద్దులా, తాతా?"

యెరొఫేయ్ మండ దించాడు. "ఓడిపోతే?"

"అందరికీ ఉరే."

బయట కొడుకు లుక్యాన్ ఎదురొచ్చాడు. "నాన్నా, ముద్ర ఉందా?"

"ఉందిరా."

లుక్యాన్ కొడవలెత్తి జేజేలు కొట్టాడు. యెరొఫేయ్ వాడి వీపు నిమిరాడు. ఆ వీపు మీద ఇంకా ఒక్క కొరడా దెబ్బా పడలేదు.