ఔట్‌వర్డ్ సావిత్రమ్మ

“తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. దీన్ని ఆపింది సరైందే గదా సాబిర్?”

సావిత్రమ్మ పెన్ను మూతను కంప్యూటర్ తెరకు ఆనించి ఒక్కో అంకె లెక్కపెడుతోంది.

“అమ్మా, లెక్కపెట్టే పని దానిది,” అన్నాడు సాబిర్, నవ్వు ఆపుకుంటూ. “పన్నెండంకెల నంబరు కనబడితే మెయిలును అదే ఆపుతది. అది రైతు ఆధారా కాదా అని చూసుడే నీ పని. కాకుంటే ఈ పచ్చ బటన్ నొక్కి వదిలెయ్. ఆధారైతే రాసినోల్లను పిలిచి చెప్పు, ఎర్ర బటన్ నొక్కి తీసెయ్.”

గద్వాలలో అదొక పత్తి విత్తనాల కంపెనీ. అంతకు ముందు నెల ఎవరో రెండు వందల మంది రైతుల ఆధార్ నంబర్లను పొరపాటున ముక్కూ మొహం తెలియని వాళ్లకు మెయిల్ చేసేశారు. రాయచూరులో ఉండే యజమాని నాగప్ప అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆఫీసు నుంచి బయటికి పోయే ప్రతి మెయిలూ, తనకు రాసేదైనా సరే, ఇకమీదట ఒక జల్లెడ దాటి పోవాలన్నాడు. ఆ జల్లెడ పేరు గేట్‌వే అనీ, దాన్ని తాను పెట్టగలననీ చెప్పింది సాబిర్. కంప్యూటరైనా ప్రింటరైనా ఆ ఆఫీసులో అన్నిటికీ అతనే దిక్కు.

జల్లెడ దగ్గర కూర్చునే మనిషి ఎవరని అడిగితే నాగప్ప క్షణం ఆలోచించకుండా సావిత్రమ్మ పేరు చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె ఔట్‌వర్డ్ గుమస్తా. ఒకప్పుడు ఏ ఉత్తరం గడప దాటాలన్నా ఆమె రిజిస్టర్లో ఎక్కి, ఆమె చేత్తో స్టాంపు అంటించుకొని పోవాల్సిందే. మెయిళ్లు వచ్చాక రిజిస్టర్‌తో పాటు ఆమె కుర్చీ కూడా మూలకు చేరింది. ఇప్పుడు ఆ కుర్చీ మళ్లీ కిటికీ పక్కకు వచ్చింది. ఆ సంబరంలో ఆమె కీబోర్డుకు కుంకుమ బొట్టు పెట్టింది.

“ఆగిన సంగతి పంపినోల్లకు తెలుస్తదా?” అని అడిగింది.

“తెల్వదు. వాల్లకు పోయినట్టే కనబడ్తది. ఆగినవి నీకు తప్ప ఎవ్వరికి కనబడొద్దన్నడు సార్. నాకు గూడ కనబడవు.”

“అచ్చం నేను ఉత్తరాలు ఆపి పెట్టిన పాత డ్రాయర్ లెక్కనే,” అంది సావిత్రమ్మ.

మొదటి వారం ఆఫీసంతా లొల్లి. విత్తనాల లాట్ నంబర్లకు కూడా పన్నెండంకెలే ఉండడంతో ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. గోడౌన్ చూసే బాలస్వామి రోజుకు నాలుగుసార్లు వచ్చి మొత్తుకున్నాడు. సావిత్రమ్మ మాత్రం నింపాదిగా ఒక్కొక్కటీ చదివి వదిలేది.

రెండో వారంలో సాబిర్ తల్లి లాల్‌బీకి కర్నూలులో కంటి ఆపరేషన్ పడింది. సెలవు కోసం నాగప్పకు ఫోన్ చేస్తే, “పని సగంల ఇడిచి యాడికి పోతవ్?” అని కసురుకొని పెట్టేశాడు.

సాబిర్‌కు ఒళ్లు మండింది. టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి, నాగప్పకు రాజీనామా రాశాడు. ముప్పై రోజుల నోటీసు, చేరిన తేదీ, పి.ఎఫ్. నంబరు, అన్నీ పొల్లు పోకుండా రాసి పంపేశాడు. అప్పుడు గానీ అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే నాగప్ప ఫోన్ చేశాడు.

“ఏనప్పా సాబిర్, నిన్న తలకాయ జర గరం ఉండె. అమ్మను తీస్కపో. రెండు దినాలు ఉండి రా.”

మెయిల్ మాట ఎత్తలేదు. సాబిర్ తానూ ఎత్తకుండా, ఆ మధ్యాహ్నమే తల్లిని తీసుకొని కర్నూలు బస్సెక్కాడు.

దవాఖానలో లాల్‌బీ కంటికి కట్టుతో మంచం మీద పడుకొని, “మీ సేట్ దిల్‌దార్ మనిషి బేటా. ఆయన కొలువు ఇడువకు,” అంది. సాబిర్ తల వంచుకున్నాడు. కోపంలో తొందరపడ్డానని ఫోన్ చేసి చెబుదామంటే నామోషీ. చెప్పకపోతే కొలువు పోతుంది. గద్వాలలో ఇలాంటి పని ఇంకొకటి దొరకదు. ఆఫీసుకు తిరిగొచ్చాక, నోటీసులో ఒక్కో రోజూ కరిగిపోతుంటే అతనికి తిండి తగ్గింది. అది చూసి సావిత్రమ్మ రోజూ తన జొన్నరొట్టెల్లో ఒకటి అతని డబ్బాలో పెట్టేది. ఏమైందని మాత్రం అడగలేదు.

నోటీసులో ఇరవై ఎనిమిదో రోజు నాగప్ప రాయచూరు నుంచి వచ్చాడు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి, “ఎన్ని పట్టినవమ్మా?” అన్నాడు.

“నాలుగు ఆధార్ జాబితాలు సార్. అన్నీ తీసేసిన. ఇంకొకటి చూస్తున్న.”

“శభాష్. రాయచూరు ఆఫీసుల గూడ గిట్లనే పెట్టాల. సాబిర్, వచ్చే నెల నుంచి రెండాఫీసులు నీవే చూడాల. జీతం సంగతి నాకిడిచిపెట్టు.”

సాబిర్ ముందుకొచ్చాడు. “సార్, ఆ దినం నేను కోపంల…”

“సార్, చాయ్ చల్లారిపోతది,” అని సావిత్రమ్మ కప్పు అందించింది. నాగప్ప చాయ్ తాగి, అందరినీ పలకరించి, కారెక్కాడు.

సాబిర్‌కు ఆనందంతో ఏడుపొచ్చినంత పనైంది. దాచుకున్నదంతా సావిత్రమ్మకు చెప్పేశాడు.

“రాజీనామా పంపినా ఒక్క మాట అనలేదమ్మా. కడుపుల పెట్టుకున్నడు. ఎంత పెద్ద మనసు!”

“మనసు పెద్దదే,” అంది సావిత్రమ్మ. తెర మీద మిగిలిన ఒక్క వరుసనూ పెన్ను మూత ఆనించి చూసి, ఎర్ర బటన్ నొక్కింది.

“అదేంది, ఎవరి ఆధార్?”

“ఆధార్ గాదు,” అంటూ ఆమె పెన్నుకు మూత పెట్టింది.

“నీ పి.ఎఫ్. నంబరుకు గూడ పన్నెండంకెలే బిడ్డా.”