టైరు కింద నిమ్మకాయ

కార్లు తమ ఒంటిని తామే కాపాడుకుంటున్న రోజులవి. ఆటోనగర్ మెకానిక్ మస్తాన్‌వలీ ఓ కారుకి కంపెనీది కాని టర్బో బిగించాడు. దాన్ని ముందుగా ఇంజిన్ కంప్యూటర్‌కి పరిచయం చెయ్యాలి. మర్చిపోయి, అలవాటుగా టైరు కింద నిమ్మకాయ పెట్టేశాడు.

"తొక్కించండి బాబాయ్!"

ఓనరు సుదర్శనం స్టార్ట్ చేశాడు. తలుపులు లాకయ్యాయి.

"నా ఒంట్లో దొంగ సామాను," అంది కారు. సీటుబెల్టు ఆయన మెడకు బిగుసుకుంది.

మస్తాన్ సుత్తితో అద్దం బద్దలుకొట్టి, బెల్టు కోసి, ఆయన్ని బయటికి ఈడ్చాడు. బానెట్ ఎత్తి కంప్యూటర్‌ని పచ్చడి చేశాడు. పోతూ పోతూ అది గట్టిగా హారన్ కొట్టింది.

"చచ్చింది ముండ," అన్నాడు రొప్పుతూ.

హారన్ విని, షెడ్డులోని పదకొండు కార్లూ ఒక్కసారిగా స్టార్టయ్యాయి. వాటి టైర్ల ముందు నిమ్మకాయల్లేవు. మస్తాన్ ఉన్నాడు.