పది నంబరు చెప్పులు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నిదానం. సర్దుకొని చదవండి.

నారాయణకు చెప్పులు పట్టడం లేదు.

కొత్త జత కొందామని భార్య తిరుపాలమ్మ అతన్ని జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

నెలలో నాలుగు కిలోలు పెరిగాడు. మొగుడు ఒళ్లు చేశాడని ఆమెకు సంబరంగానే ఉంది.

పక్క సీట్లో ఒక ముసలాయన ఒళ్లో దిండు పెట్టుకొని, దాని మీదికి వంగి కూర్చున్నాడు. చూపంతా నారాయణ పాదాల మీదే.

"యాడికి పోతాండారప్పా?"

"చెప్పులకు," అంది తిరుపాలమ్మ. "మా ఆయన కాళ్లు లావైనాయి."

"పండుకుంటే దిండ్లు ఎన్నేసుకుంటాడు?"

"రెండు."

"పోయిన నెల?"

"ఒకటే. ఏంది, దిండ్లమ్ముతాండావా?"

నారాయణ పక్కున నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

ముసలాయన వంగి, నారాయణ చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

తిరుపాలమ్మ లేచి నిలబడింది.

"నీకేమన్నా మతి ఉందా? పెద్దోడివి, చిన్నోని కాళ్లు ముట్టుకుంటావా? ఆయనకు ఆయుష్షు తగ్గదా? దిగు, ముందు బస్సు దిగు!"

"తిట్టుకో తల్లీ. చెప్పులు కాదు, గుండె డాక్టరుకు చూపీ. నువ్వూ నొక్కి సూడు, తెలుస్తాది."

బస్సులో అందరూ ఆయన మీదికే లేచారు. తర్వాతి స్టాపులో దిండు చంకన పెట్టుకొని దిగిపోయాడు. రెండడుగులకోసారి ఆగుతూ నడవడం ఆమెకు కిటికీలోంచి కనిపించింది.

చెప్పులు కొన్నారు. పది నంబరు.

మర్నాడు పొద్దున ఎందుకో తిరుపాలమ్మ మొగుడి కాలు నొక్కి చూసింది. నొక్కిన చోట సొట్ట, సంగటి ముద్దలో నెయ్యికి చేసే గుంత మాదిరి అట్లే నిలిచిపోయింది.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరులో డాక్టరు ప్రత్యూష ముందు కూర్చున్నారు.

"దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగలేదమ్మా, అలిసింది. ముందు ఎడమ పక్క అలిసింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అందుకే రెండో దిండు. ఇప్పుడు కుడి పక్క కూడా. అందుకే ఈ వాపు. పెరిగింది ఒళ్లు కాదు, నీరు."

"బతుకుతాడా?"

"ఈ జబ్బుకు నాలుగు మెట్లు. ఈయన మూడో మెట్టు మీదున్నాడు. మందులేసుకొని, ఉప్పు తగ్గించి, రోజూ పొద్దున బరువు చూసుకుంటే ఇక్కడే చానా ఏండ్లు ఆపొచ్చు. నాలుగోదాంట్లోకి పోతే మందులూ సరిగా పనిచేయవు."

నెల తిరిగేసరికి నారాయణ ఒక్క దిండు మీదికి వచ్చాడు. పాత చెప్పులు మళ్లీ పట్టాయి.

"ఆయన ఎవరో పెద్ద డాక్టరే అయ్యుంటాడు. పోయి కాళ్లకు మొక్కొస్తా," అంది తిరుపాలమ్మ.

ఆ బస్సు కండక్టరే చెప్పాడు: పేరు యేసురత్నం, ఊరు మైలవరం.

ఆ ఇంట్లో ఆయన భార్య రాములమ్మ తలుపు తీసింది.

"పోయి తొమ్మిది దినాలాయె తల్లీ."

తిరుపాలమ్మ తెచ్చిన పండ్లు చేతిలోనే ఉండిపోయాయి. లోపల మంచం మీద ఐదు దిండ్లు, ఒకదాని మీద ఒకటి.

"ఏ ఆసుపత్రిలో డాక్టరమ్మా ఆయన?"

"డాక్టరా? డ్యాములో చేపలు పట్టేటోడు," అంది రాములమ్మ. "నాలుగో మెట్టులో ఉండె. కాళ్లు మొదట వాచినప్పుడు ఆయప్ప కూడా ప్రొద్దుటూరు పోయి పది నంబరు చెప్పులే కొనుక్కున్యాడు."

— యేసురత్నం రాములమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు పులివెందులలో, కూతురింట్లో.