గోడంత తాడు

అమెలీన్ సంచిలో ముందు ఉన్ని టోపీ పెట్టింది. దాని మీద పసిబిడ్డను చుట్టే గుడ్డలు, వాటి మీద బార్లీ రొట్టె.

కోడలు పెరొనెల్ గోడకు ఆనుకుని, నిండు కడుపు మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"వెళ్ళాల్సింది మీరు," అంది. "వీధి పెద్ద మొదట చెప్పింది మీ పేరే. మీరే ఆయన కాళ్ళావేళ్ళా పడి నా పేరు చెప్పించారు."

"మోకాలు నొప్పి. నడవలేను."

"మొన్న రొట్టె పంచుతున్నారంటే చర్చి దాకా పరుగెత్తారుగా. ప్రాణం అంత తీపా, అత్తయ్యా?"

అమెలీన్ సంచి మూతి బిగించింది.

ఇంగ్లీషు సైన్యం ఎండాకాలంలో వచ్చి రువాన్ పట్టణాన్ని చుట్టుముట్టింది. ఇంకా కదల్లేదు. ఊళ్ళో గుర్రాలు అయిపోయాయి, ఇప్పుడు కుక్కల వంతు. పోరాడలేనివాళ్ళను ఇంటికొకరిని బయటికి పంపేయాలని పెద్దలు తీర్మానించారు. అమెలీన్ ఒక్కగానొక్క కొడుకు ఆగస్టులోనే కోట గోడ మీద బాణం తగిలి పోయాడు. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరే.

లోపల ఉన్నవాళ్ళు చస్తారని అమెలీన్‌కు తెలుసు. వెళ్ళేవాళ్ళ సంగతి వేరు. ఆమె తల్లిది కలే అనే ఊరు. అక్కడా ఇలాగే ముట్టడి జరిగినప్పుడు, ఊరు వెళ్ళగొట్టిన జనానికి ఇంగ్లీషు రాజు కడుపునిండా భోజనం పెట్టించి మరీ దారి ఇచ్చాడు. ఆ భోజనం తిన్నవాళ్ళలో తల్లి కూడా ఉంది. చచ్చేదాకా ఆ కథే చెప్పేది. ఇప్పుడు బయట గుడారం వేసుకున్నది ఆ రాజు మునిమనవడే.

కలే సంగతి కోడలికి చెప్పింది. లోపల ఉండేవాళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే తనను వదిలి కదలదు.

కోట తలుపు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. అవతల కందకం, దాని అవతల ఇంగ్లీషు గుడారాల పొగ. పెరొనెల్ సంచి భుజానికి తగిలించుకోబోయి, బరువు చూసి విప్పింది. ఇంట్లో ఉన్న రొట్టె మొత్తం అందులోనే ఉంది.

"మరి మీకు?"

"నాకుందిలే. మధ్యలో ఎక్కడా కూర్చోకు. బొవేలో మీ అన్న ఇంటికి చేరాకే కూర్చో."

పెరొనెల్ అత్త ముఖంలోకి చూసింది. ఏదో అనబోయింది. వెనక నుంచి జనం తోశారు. కాసేపటికి తలుపు మూసేశారు.

ఆ వారంలో అమెలీన్ మోకాలు నిజంగానే పడిపోయింది. గుమ్మం దాటలేకపోయింది. బతుకంతా తాళ్ళు పేనిన చేతులు ఊరుకోవు గనక, మంచం మీదే నార పేనుకుంటూ మనసులో కోడలి వెంట నడిచేది. ఇవాళ అడవి దాటి ఉంటుంది. ఇవాళ వదినె వేడి పులుసు పోసి ఉంటుంది. పక్కింటివాళ్ళు వాకిట్లో ఏదో గుసగుసలాడుకునేవారు, ఆమె పలకరిస్తే ఆపేసేవారు. ఆకలికి అందరికీ మాటలు తగ్గాయనుకుంది.

డిసెంబరులో ఫాదర్ రౌల్ వచ్చాడు. కోట గోడంత పొడవు తాడు కావాలన్నాడు. దేనికని అడిగితే బాప్తిస్మాలకన్నాడు. బావుల్లో నీళ్ళు అంత అడుక్కి పోయాయి కాబోలనుకుని, ఉన్న నారంతా పెట్టి పేని ఇచ్చింది.

కొన్నాళ్ళకు ఆయనే కాస్త గంజి తెచ్చాడు. తాడు ఎలా ఉందని అడిగింది. గట్టిగా ఉందని, నిన్న ఒక ఆడపిల్లకు పేరు పెట్టానని చెప్పాడు.

"ఏం పేరు, ఫాదర్?"

"అమెలీన్."

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. "దొరక్క దొరక్క ఈ ముసలిపేరే దొరికిందా? ఎవరు చెప్పారో ఆ తల్లికి."

"తనే చెప్పింది, అవ్వా. గట్టిగా అరిచి చెప్పింది."

"పక్కనున్న మనిషికి అరిచి చెప్పడమెందుకు?"

ఫాదర్ ఖాళీ గిన్నె తీసుకున్నాడు. తాడు ఇంకొన్నాళ్ళు ఉంచుకోనా అని అడిగాడు. ఉంచుకోమంది. తన కోడలు కూడా ఈపాటికి ప్రసవించి ఉంటుందని, బొవేలో మంచి మంత్రసానులున్నారని, తనకు ఇక ఏ బెంగా లేదని చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఇంగ్లీషువాళ్ళు దారి ఇవ్వలేదు, ఊరు మళ్ళీ తలుపు తీయలేదు; కందకంలో పుట్టిన బిడ్డలను ఆ తాడు కట్టిన బుట్టలో గోడ పైకి లాగి, బాప్తిస్మమిచ్చి, తిరిగి కిందికి దించేవారు. పెరొనెల్ ఆ కందకం దాటనేలేదు, 1418 క్రిస్మస్ ముందురోజు అందులోనే పోయింది.