ఒక ఆట ఆడి చూసుకోండి

మెకానిక్ మళ్లీ ఓడిపోయాడు.

మూడు రౌండ్లకు మూడూ పోయాయి. తెర మీద అతని యోధుడు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే, పక్క స్టూలు మీదున్న పళ్ల డాక్టరు గాల్లోకి పిడికిలి విసిరాడు.

"బటన్లు వెన్నపూసలా ఉన్నాయయ్యా! కొత్తలో కూడా ఇలా లేవు."

"మీ చేతికి బాగా కుదిరింది సార్," అన్నాడు మెకానిక్, నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆ ఇరుకు షాపులో పద్ధతే అది. గేమ్ కంట్రోలర్ బాగుచేశాక ఊరికే సంచిలో వేసి ఇచ్చెయ్యడు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, తనూ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఒక ఆట ఆడి చూసుకోండి" అంటాడు. ఆరేళ్లుగా అంటున్నాడు. ఆరేళ్లుగా ఓడిపోతున్నాడు. బడిపిల్లల చేతిలో, బస్సు డ్రైవర్ల చేతిలో, ఒకసారైతే కళ్లజోడు మర్చిపోయి వచ్చిన రిటైర్డ్ జడ్జిగారి చేతిలో.

డాక్టరు మెట్లు దిగాడో లేదో, కౌంటర్ దగ్గర రశీదులు రాస్తున్న భార్య ఇటు తిరిగింది.

"మీ వంశంలో డిగ్రీ పట్టుకున్న మొదటి మనిషని మురిసిపోయి మా నాన్న నన్నిచ్చాడు. ఆ డిగ్రీ ఓడిపోవడంలో అని ఎవరూ చెప్పలేదు."

"ఫిజిక్స్‌లో," అన్నాడతను.

"అందుకే కాబోలు, కింద పడటం మీద అంత పట్టు!"

అతనూ నవ్వాడు. తన మీద ఎవరు జోకేసినా ముందు నవ్వేది తనే. అలా నవ్వేస్తే రెండో జోకు కాస్త ఆలస్యంగా వస్తుందని అనుభవం.

కానీ ఈ మధ్య ఆ నవ్వు గొంతు దాటడం లేదు. రోడ్డుకు అవతల అద్దాల సర్వీస్ సెంటర్ ఒకటి వెలిసింది. ఏసీ, టోకెన్ మెషీను, ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న నలుగురు మనుషులు. ఇతనికి ఉన్నదల్లా ఏళ్ల తరబడి ఇక్కడికే అలవాటుపడ్డ పాతిక ముప్ఫై మంది. వాళ్లు కూడా రోడ్డు దాటారంటే ఇంక షట్టర్ దించెయ్యడమే.

సరిగ్గా అప్పుడే బొటనవేలు కాల్చుకున్నాడు. ఎవరో ఫోన్ చేస్తే అటు చూస్తూ, సోల్డరింగ్ ఐరన్‌ని పట్టుకోకూడని చివర పట్టుకున్నాడు.

"వేడెక్కిందో లేదో చూశారా?" అని అడిగింది భార్య, మందు రాస్తూ.

"ఎక్కింది," అన్నాడు.

వేలికి కట్టు పడింది. రిపేర్లయితే ఎలాగో కానిస్తున్నాడు గానీ ఆట కుదరదు. ఆ పని ఆవిడ నెత్తిన పడింది.

"నాకు రాదండీ."

"రాకపోతే ఏమైంది? నాకు వచ్చే ఆడుతున్నానా?"

రెండు రోజులు ఆవిడా ఓడిపోయింది. మూడో రోజు నుంచి ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కొరియర్ మనిషి, జిమ్ ట్రైనర్, పొద్దున్నే పాల వ్యాన్ ఆపుకుని వచ్చినాయన, వరసబెట్టి అందరినీ మట్టి కరిపించింది.

"ఇంత తేలికా!" అంది మొగుడి వైపు చూసి.

అతను చిన్న డబ్బాలో స్క్రూలు వెతుక్కోసాగాడు, కావలసినవి చేతిలోనే ఉన్నా.

శుక్రవారం జిమ్ ట్రైనర్ తిరిగొచ్చాడు. "బటన్ అంటుకుంటోంది బ్రదర్." విప్పి చూస్తే ఏమీ లేదు. మధ్యాహ్నం కొరియర్ మనిషి. "స్టిక్ ఎడమకి లాగుతోంది." ఎటూ లాగడం లేదు. శనివారం పళ్ల డాక్టరు తన రెండో కంట్రోలర్ తీసుకోవడానికి వచ్చి, మెకానిక్ భార్య చేతిలో మూడు రౌండ్లూ ఓడి, అక్కడికక్కడే ముఖం మాడ్చుకున్నాడు.

"ఈసారి పని కుదరలేదయ్యా. నేను నొక్కేదొకటి, తెర మీద వాడు చేసేదొకటి."

"ఉంచి వెళ్లండి సార్, మళ్లీ చూస్తాను."

"వద్దులే."

సంచి భుజాన వేసుకుని తిన్నగా రోడ్డు దాటాడు. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఆవిడ చేతిలోని కంట్రోలర్‌ని, వేడి గిన్నె దించినట్టు, బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, గెలిచినవాడికి రిపేరు బాగున్నట్టు. ఓడినవాడికి బాగాలేనట్టు. అంతేనా?"

అతను స్క్రూల డబ్బా మూత బిగించాడు.

"అంటే... ఈ ఆరేళ్లూ... మీరు..." ఆవిడ స్టూలు అతని దగ్గరకు లాక్కుంది. "నేనెన్నెన్ని మాటలన్నాను! ఒక్కసారైనా నోరు విప్పారా?"

అతను వేలి కట్టు సర్దుకున్నాడు. "చెప్పుకునేంత విషయం కాదులే," అన్నాడు చివరికి.

సోమవారం, వేలు పూర్తిగా మానకముందే, అతనే మళ్లీ స్టూలెక్కాడు. డాక్టరుకు ఆవిడే ఫోన్ చేసి, బతిమాలి, ఆ కంట్రోలర్‌తో సహా రప్పించింది. మెకానిక్ దాన్ని ఒకసారి విప్పి బిగించాడు. మూడు రౌండ్లకు మూడూ డాక్టరే గెలిచాడు.

"అద్గదీ! ఇప్పుడు కుదిరింది. ఆ అద్దాలవాళ్లకేం చేతకాదయ్యా. మా క్లినిక్ వాళ్లవి కూడా నీకే పంపిస్తాను," అని ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఆవిడ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. పెళ్లయ్యాక షాపులో అలా ఇవ్వడం అదే మొదటిసారి.

"ఆ చివరి దెబ్బ, తప్పించుకునే వీలుండి కూడా ఎంత సహజంగా తిన్నారండీ! మా తమ్ముడికి అంతా చెప్పాను. బావకున్న ఓపిక దేవుడిక్కూడా ఉండదన్నాడు."

అతను గొప్పవాళ్లు నవ్వినట్టు చిన్నగా నవ్వి, నీళ్లు తాగాడు.

ఆరేళ్లలో ఆడిన ప్రతి ఆటా, ఇందాకటి ఆటతో సహా, అతను చచ్చీచెడీ గెలవాలనే ఆడాడు.