రెండో సీసా

“ఒక మనిషికి ఒకటే అక్కా. రెండోది ఇచ్చేది లేదు” అంటూ పురుషోత్తం ఇన్సులిన్ సీసాను నంజమ్మ చేతిలో పెట్టి, ఫ్రిజ్ తలుపు మూసేశాడు.

నంజమ్మ కదల్లేదు. “ఇది నాకు. ఇంగొకటి మా ఆయనకప్పా.”

శూలగిరిలోని ఆ మందులషాపు ముందు పొద్దుటి నుంచీ జనం వరస కట్టారు. సరుకు సరిగా రావడం లేదు. రేపు దొరకదేమోనన్న భయం పట్టుకుంటే, కడుపు నిండినవాడికి కూడా రెండు ముద్దలు మూటగట్టుకోబుద్ధేస్తుంది. పురుషోత్తం ఒక్కడే అందరికీ అడ్డం నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

“ఆయన చీటీ ఏదీ?”

“ఆయన జేబులోనే ఉంది.”

“ఆయన యాడ?”

“గొర్రెలు తోలుకొని పోయినాడు.”

గొర్రెల్ని అమ్మేద్దామని ఆమె ఒక్క మాట అన్నందుకు అలిగి, మందతో సహా గడప దాటాడు. ఏడాదైంది. అత్తిముగంలో ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు, తడి ఇసుకలో కూర్చోబెట్టిన కుండే ఫ్రిజ్. అందులో తన సీసా పక్కన ఆయనకొకటి ఎప్పుడూ ఉంచేది. పాతది తాను వాడుకుని, కొత్తది ఆయన చోట పెట్టేది. ఒక్కటీ పాడు కానిచ్చేది కాదు. పోయిన నెల మందు ఎక్కడా దొరక్క, ఆయన సీసా తానే వాడుకోవాల్సి వచ్చింది. మనిషి లేని బెంగను ఇన్నాళ్లూ ఎలాగో ఓర్చుకుంది గానీ, కుండలో ఆ ఖాళీ చోటును మాత్రం చూడలేకపోతోంది.

“ఆయన ఈ పొద్దే వచ్చి నిలబడితే ఏం ఇయ్యాలప్పా నేను?”

“నువ్వు రెండు ఎత్తుకొని పోతే, నీ వెనకాల ఎవరో ఒకరు ఒట్టిచేతుల్తో పోవాల. సరే, పేరన్నా చెప్పు. మన షాపుకొచ్చే మనిషైతే చూస్తా.”

పేరు! పెళ్లయిన నాటి నుంచీ మొగుడి పేరు ఆమె నోట వచ్చింది లేదు. రేషన్ షాపులో కూడా పక్కనున్న వాళ్లే చెప్పాలి.

“పేరెట్ల చెప్పేదప్పా…”

“అయితే పక్కకు జరుగక్కా.”

వెనక ఎవరో విసుక్కున్నారు. నంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు చేస్తున్నదానిలా చుట్టూ చూసి, ఎలాగో నోరు పెగల్చుకుని అంది. “సిద్దప్ప.”

పురుషోత్తం ఆమె మొహంలోకి చూశాడు. “కుందారపల్లి కాడ మంద వేసుకొని ఉండాడే, ఆ మీసాల సిద్దప్పనా? పొద్దున్నే వచ్చి ఆయనది ఆయన తీసుకొని పోయినాడు గదక్కా! ఆయనతో కూడా ఇదే గలాటా.”

“గలాటా ఎందుకప్పా?”

“ఆయన కూడా రెండే అడిగినాడు. రెండోది ఎవరికప్పా అంటే, ‘మా ఇంటామెకి’ అంటాడే గానీ, పేరు చెప్పమంటే నోరు తెరవడే!”